ఆకాశం లేని చెరువు

రొయ్యల చెరువుల గట్ల మీద ముప్పై ఏళ్ళు తిరిగినవాణ్ణి. నీళ్ళ రంగు చూసి రేపేం జరగబోతోందో చెప్పగలను. భీమవరం చుట్టుపక్కల ఏ చెరువులో రొయ్య తేలినా, అంటే గాలి అందక పైకొచ్చి మూతి పెట్టినా, రైతు ముందు నాకు ఫోన్ చేస్తాడు, ఆ తర్వాతే దేవుడికి మొక్కుకుంటాడు. ఈ గొప్ప ఇప్పుడెందుకంటే, ఆ తెలివితోనే నా కూతురి ప్రాణం మీదికి తెచ్చాను గనక.

నా కూతురు హారతికి ఇరవై ఆరేళ్ళు. ఇక్కడే ఇంజనీరింగు చదివింది. పెళ్ళి సంబంధం మాట మనం ఎత్తితే చంద్రుడి మీద నీళ్ళున్నాయా లేదా అన్న మాట తను ఎత్తుతుంది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా" అని వాళ్ళమ్మ రాణి దెప్పేది. మళ్ళీ బంధువుల దగ్గరికి వెళ్ళినప్పుడు మా అమ్మాయి చంద్రుడి మీదికి వెళ్తుందని కోతలు కోసేదీ ఆవిడే.

రెండేళ్ళ కిందట హైదరాబాదు కంపెనీ ఒకటి, ఉండి ఊరికి వెళ్ళే రోడ్డులో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీని తీసుకుంది. మనుషులు భూమిని వదిలి ఇంకోచోట ఇల్లు కట్టుకుంటే లోపల పీల్చుకోవడానికి గాలి ఎలా అన్నది వాళ్ళ ప్రశ్న. ఎన్ని సిలిండర్లని మోసుకెళ్తారు? అందుకని గాజు తొట్టెల్లో పచ్చటి నాచు పెంచి, పైన దీపాలు వెలిగిస్తారు. మనం వదిలిన గాలి అది తీసుకుని, మనకి ఆక్సిజన్ ఇస్తుంది. ఐసు గది గోడలు మూరెడు మందం, చీమ దూరడానికి సందుండదు. నీళ్ళలో నాచును పెంచడం, కాపాడటం తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో వీధికి పదిమంది. ఇంకేం కావాలి వాళ్ళకి?

పరీక్ష ఇది. ఆ గదిలో ముగ్గురు అరవై రోజులు తలుపు తీయకుండా ఉండాలి. ఉండగలిగితే ముగ్గురినీ విదేశంలో ఏడాదిపాటు జరిగే పెద్ద పరీక్షకి పంపిస్తారు. ఆ తర్వాత ఎక్కేది రాకెట్టే అని మా అమ్మాయి నమ్మకం. మధ్యలో తలుపు తెరిస్తే మాత్రం అంతా పోయినట్టే. గదిలో ఆక్సిజన్ నూటికి పదహారు పాళ్ళకి దిగితే బయటివాళ్ళు తలుపు తీసి తీరాలని, అంతకు పైన ఉన్నంతసేపూ ముట్టుకోకూడదని నియమం.

హారతితో పాటు అమలాపురం నుంచి అనంతకృష్ణ అని ఒక డాక్టరు, సామర్లకోట నుంచి మధులత అని ఒక లెక్చరరు లోపలికి వెళ్ళారు. బయట తొట్టెలు చూసుకునే పని నాది. దీపాల స్విచ్చులు, నీళ్ళని చిలికే ఏరియేటర్ల స్విచ్చులు అన్నీ నా బోర్డు మీదే ఉన్నాయి. అక్కడి పెద్దాయన సూర్యప్రకాశం గారు, కూతురు లోపల ఉండగా తండ్రిని బయట కూర్చోబెట్టడం బాగుంటుందా అని ముందు సందేహించారు. ఎవరి చెరువైనా నాకు చెరువేనండి అన్నాను. అప్పుడు అలా అనగలిగాను.

యాభై రోజులు ఏ గొడవా లేకుండా గడిచాయి. అప్పుడు వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు. కరెంటు పోయింది, ఉన్న జనరేటరు ఏరియేటర్లకి పోను సగం దీపాలకే సరిపోయింది. ఇంకో జనరేటరు తెస్తానని సూర్యప్రకాశం గారు తాడేపల్లిగూడెం వెళ్ళి, రోడ్డు మునిగి అక్కడే ఆగిపోయారు. బోర్డు దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను.

యాభై రెండో రోజు పొద్దున్నుంచీ చెరువుల దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. ఎండ లేకపోతే చెరువులో నాచు చచ్చిపోతుంది, నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. రైతుల్లో వీరబాబు చేసినా తాతాజీ చేసినా నేను చెప్పింది ఒకటే. మేత ఆపండి, ఏరియేటర్లన్నీ వెయ్యండి. ఏరియేటరు రెక్కలు నీళ్ళని చిమ్ముతాయి, గాలి నీళ్ళలో కలుస్తుంది, రొయ్య బతుకుతుంది. పన్నెండు గంటలకి నా ముందున్న తెర మీద చూస్తే లోపల పెద్ద తొట్టె రంగు మారి ఉంది. పచ్చదనం పోయి గోధుమరంగు తిరిగింది, పైన నురగ కట్టింది. నా చెయ్యి నన్నడగలేదు. ఏరియేటర్లన్నీ వేసేసింది.

తొట్టె నీళ్ళలో గాలి అంకె రెండు నుంచి నాలుగుకి ఎక్కింది. గండం గడిచిందనుకుని టీ తాగాను. పక్క తెర మీద, గదిలో ఆక్సిజన్ అంకె పద్దెనిమిదిన్నర నుంచి పదిహేడున్నరకి దిగింది. దీపాలు చాలకే అనుకున్నాను. ఏరియేటర్ల మీట ఇంకొంచెం పెంచాను కూడా. అప్పుడు మైకులో హారతి పిలిచింది.

"నాన్నా, ఏరియేటర్లు ఆపెయ్."

"ఆపితే నాచు మొత్తం చచ్చిపోద్దమ్మా."

"అది చచ్చిపోయింది నాన్నా. కుళ్ళుతోంది. ఆ కుళ్ళుకి నువ్వు మా గాలి తోడి పెడుతున్నావ్."

చెరువులో అయితే అని ఏదో అనబోయాను.

"చెరువు మీద ఆకాశం ఉంటది నాన్నా. ఇక్కడ లేదు."

ముప్పై ఏళ్ళుగా ఏరియేటర్లు తిప్పుతున్నాను, అవి గాలిని పుట్టిస్తాయనే మాట్లాడుతూ వచ్చాను. అవి పుట్టించేదేమీ లేదు, పైనుంచి తీసుకుంటాయి అంతే. ఎంత తీసుకున్నా పైన తరగదు గనక నేనెప్పుడూ తల ఎత్తి చూడలేదు. ఈ గదిలో పైనున్నది ముగ్గురు మనుషులు పీల్చుకునే గాలి. కంచే చేను మేసిందంటారే, ఆ పని నేను గంటన్నరసేపు చేశాను. ఏరియేటర్లన్నీ కట్టేసేసరికి అంకె పదిహేడుకి వచ్చింది.

హారతి గొంతులో కంగారు లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. చచ్చిన తొట్టెకి మూత బిగించేస్తామని, చిన్న తొట్టె ఇంకా పచ్చగానే ఉంది కాబట్టి దీపాలన్నీ దాని మీదికి మళ్ళించమని చెప్పింది. తాము ముగ్గురూ కదలకుండా, మాట్లాడకుండా పడుకుంటే గాలి ఖర్చు తగ్గుతుందట. సాయంత్రానికి అంకె నిలబడుతుందని లెక్క వేసింది.

"పదహారుకి దిగేదాకా తలుపు జోలికి రాకు. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. సూర్యప్రకాశం గారికి ఫోన్‌లో జరిగిందంతా దాచకుండా చెప్పాను. నియమం పదహారు, మీరు మనసు దిటవు చేసుకోండి అన్నారు. రాణికి మాత్రం ఫోన్ చేయలేదు. చేస్తే ఆవిడ ఆ వానలో పరిగెత్తుకుంటూ వచ్చేది.

దీపాలు చిన్న తొట్టె మీదికి మళ్ళించాక చెయ్యడానికి నాకు పనేమీ లేదు. తెర ముందు కూర్చున్నాను. ముగ్గురూ మంచాల మీద వెల్లకిలా పడుకున్నారు. అనంతకృష్ణ పావుగంటకోసారి బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు. అంకె ఒక్కొక్క పిసరే దిగుతోంది. నాలుగు గంటలకి పదహారుంబావుకి కాస్త పైన నిలబడింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఇరవై నిమిషాలు అయినా కదల్లేదు. చెరువు తేరుకుందని నాకు తెలుసు. ఈ మాట ఒప్పుకోవాలి. నాకు తెలుసు.

అప్పుడు హారతి నా వైపు తిరిగింది. కెమెరా వైపు, అంతే. కళ్ళు మూసుకుని ఉంది. నోరు తెరిచి ఉంది. పెదాలు కదుపుతూ నోటితో గాలి అందుకుంటోంది. అలా మూతి తెరిచిన రొయ్యల్ని నేను లక్షల్లో చూశాను. వాటిలో తెల్లారేదాకా బతికినవి ఎన్నో కూడా నాకు తెలుసు. నా కూతురు తేలింది అనిపించింది. ఒట్టూ లేదు, నియమమూ లేదు. కుర్చీ తన్నుకుంటూ వెళ్ళి తలుపు హ్యాండిల్ లాగేశాను.

లోపల్నుంచి కుళ్ళిన నాచు కంపు గుప్పున కొట్టింది. మధులత గోడకి జారబడి ఏడ్చింది. అనంతకృష్ణ గడియారం చూసుకుని కాగితం మీద టైము రాసుకున్నాడు. హారతి అందరికన్నా వెనక బయటికి వచ్చింది. నన్ను చూడలేదు. నేరుగా నా తెర దగ్గరికి వెళ్ళి అంకెల చరిత్ర చూసింది.

"ఆగింది కదా నాన్నా. ఇరవై ఐదు నిమిషాల్నుంచి ఆగే ఉంది. చూశావా?"

"చూశాను."

"మరి?"

"నోరు తెరిచావమ్మా నువ్వు. నోటితో పీలుస్తున్నావ్."

నా మొహం కేసి చూసింది. "నాకు నాలుగు రోజుల్నుంచి ముక్కు దిబ్బడ నాన్నా. డాక్టరు గారు మా ఒంట్లో సంగతులు రోజూ రాసి బయటికి పంపుతానే ఉన్నారు. నువ్వు చదవలేదా?"

చదవలేదు. నీళ్ళ కాగితాలు చదివాను గాని మనుషుల కాగితాలు చదవలేదు. హారతి అక్కడే మెట్టు మీద కూలబడింది. తిట్టినా బాగుండేది. ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయని మాత్రం అంది, అది కూడా నాతో కాదు.

కాసేపటికి నాతో అంది. "అక్కడ పైన తలుపవతల ఎవ్వరూ ఉండరు నాన్నా. అది నేను అలవాటు చేసుకున్నాను. నువ్వు చేసుకోలేదు."

తప్పంతా నాదేనని కాగితం రాసిచ్చాను. ఏరియేటర్లు వేసింది నేను, వేళ కాకుండా తలుపు తీసింది నేను, లోపలివాళ్ళు ఏ పొరపాటూ చేయలేదు అని సంతకం పెట్టాను. ఇంటికొచ్చి రాణికి చెప్పాను, దెప్పుతుందనుకున్నాను. నేనైతే పన్నెండింటికే తీసేద్దును అంది. ఆ మాటతో నాకేమీ తేలిక కాలేదు. హారతి నెలరోజులు నాతో మాట్లాడలేదు. కంచం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయేది. నాకు కోపం వచ్చేది. బతికున్నావు కదే, ఇంకేం కావాలి అని అరవాలనిపించేది. అరవలేదు, ఎందుకంటే నేను కాపాడానో చెడగొట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ అంకె మళ్ళీ దిగేదేమో అని నాకు నేను చెప్పుకుంటాను. దిగదని నాకు తెలుసు.

నా కాగితం చూసి కంపెనీవాళ్ళు ఆ ముగ్గురికీ ఇంకో అవకాశం ఇచ్చారు. మాఘమాసంలో మళ్ళీ మొదటి రోజు నుంచి అరవై. బోర్డు దగ్గర నేను ఉండకూడదన్నారు. వాళ్ళు అనకపోయినా నేను ఉండను. కొత్తగా వచ్చిన దుర్గాసాయికి తొట్టెల పని నేర్పి, మనుషుల కాగితాలు ముందు చదవమని చెప్పి తప్పుకున్నాను.

లోపలికి వెళ్ళేరోజు పొద్దున్న హారతి నా గది గుమ్మంలో నిలబడింది. ఫ్యాక్టరీకి రమ్మంది. నేనెందుకమ్మా, చూసుకోవడానికి వాళ్ళున్నారుగా అన్నాను.

"తలుపు నువ్వు వెయ్యాలి నాన్నా. నువ్వేస్తేనే మూసినట్టు నాకు నమ్మకం."

వెళ్ళాను. ముగ్గురూ లోపలికి నడిచారు. హారతి గుమ్మం దాటి, ఒకసారి నా చెయ్యి పట్టుకుని వదిలేసింది. నెత్తి మీద ఇంత గాలి పెట్టుకుని, అది లేని చోటికి పోతామనే ఈ పిల్లల మీద నాకు పీకలదాకా కోపం. నా బిడ్డ మీద బెంగ అంతకంటే ఎక్కువ. రెండు చేతులూ ఆనించి తలుపు తోశాను. బరువుగా వెళ్ళి మూసుకుంది. వెంటనే అవతల గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆ గడియ కిందటిసారి లేదు. సూర్యప్రకాశం గారు నా పక్కన నిలబడి మెల్లగా చెప్పారు. ఇకమీదట ఎప్పుడు తియ్యాలో లోపలివాళ్ళే చూసుకుంటారట. మా అమ్మాయే పట్టుబట్టి పెట్టించిందట. నేను తలుపు వైపు చూశాను. ఇటువైపు హ్యాండిల్ ఊడదీసి, ఆ చోట నున్నటి ఇనపరేకు కొట్టారు. తొయ్యడానికి వీలుంది గాని, లాగడానికి నా వైపు ఏమీ లేదు.