ఆమేన్ అనేదాకా
ఇంకా ఎన్ని కాయలున్నాయో, ఎండు మిరపకాయకు తొడిమ తీసి చేటలో వేస్తూ కృపామణి అనుకుంది, మొదట్లో వేళ్ళు మండేవి, ఇప్పుడు మండటం లేదు, మండితే బాగుండునని కూడా అనిపించటం లేదు, వసారాలో మొగుడు ప్రభుదాసు రేకుపెట్టెకు తాడు కడుతున్నాడు, ముడి వేసి, విప్పి, మళ్ళీ వేస్తున్నాడు, తారాపూర్ అట, బొంబాయికి అవతల సముద్రం ఒడ్డున అణువుతో కరెంటు తీసే కేంద్రం కడుతున్నారట, డ్యాము మీద తాపీ పట్టిన చేతులు అక్కడ కావాలట, ఆ మాట విన్న రోజే అత్త ప్రేమమ్మ నోట్లోని చుట్ట తీసి, జపానోళ్ళ మీద ఏసింది అదే గదంట్రా, ఊళ్ళకూళ్ళు మాడిపోయినయ్యంట, బువ్వ కోసం దాని కాడికి పోతావా అంది, అది బాంబమ్మా, ఇది పొయ్యిలాంటిది, నీళ్ళు మరగబెట్టి ఆ ఆవిరితో మిషన్లు తిప్పుతారు అన్నాడు, లోకంలో జనం పెరిగిపోతన్నారు, మిల్లులు పెరుగుతన్నయ్, బొగ్గు ఎంతకాలం తవ్వుతారు, వానపడకపోతే డ్యామేం చేస్తది, ఇదైతే పిడికెడు చాలంట, గూడ్సుబండెడు బొగ్గు పెట్టు, పిడికెడు అన్నాక అతను ఆమెవైపు చూడలేకపోయాడు, ఆమె కన్న బిడ్డ రెండు పిడికిళ్ళూ మూసుకునే పుట్టింది, ఏడవలేదు, మంత్రసాని కొండమ్మ వీపు తట్టి తట్టి ఇక తట్టలేదు, ఆ పిడికిళ్ళను ఎవరూ విప్పి చూడలేదు, తనైనా చూడాల్సింది, మన పేటలోకి కరెంటు స్తంభమే రాలేదు, బొంబాయి నించి రొంపిచెర్లకు తీగ లాగుతావేందిరా నువ్వు అని అత్త నవ్వింది, అతనూ నవ్వాడు, తను నవ్విందో లేదో గుర్తు లేదు, నిన్న బావి దగ్గర మాత్రం అతను చేద అందుకుని, నువ్వొద్దంటే పోను, వస్తానంటే మొగుడూ పెళ్ళాలకు పాకలిస్తారంట, ఏదో ఒకటి అను మణీ అన్నాడు, ఆమె అతని నోటివైపు చూస్తూ నిలబడింది, పచ్చి బాలెంత, అదేడకొస్తది, నా కాడే ఉంటది అని అత్త వెనకనుంచి అనేసింది, అంతటితో అయిపోయింది.

బస్సు వేళైంది, ప్రార్థన చేసుకుందాం రాండి అంది అత్త, ఈ ఇంట్లో ఎవరు ఊరు దాటినా ఇంటి ఆడది ప్రార్థన చేసి ఆమేన్ అన్నాకే కళ్ళు తెరవాలి, గడప దాటాలి, నీ మొగుడేగా పొయ్యేది, నువ్వే చెయ్యమ్మాయ్ అంది, రేకుపెట్టెను లోపలికి తెచ్చి మధ్యలో పెట్టుకుని ముగ్గురూ మోకాళ్ళూనారు, ఆమె పైట తలమీదికి లాక్కుంది, పరలోకమందున్న తండ్రీ, ఈ ప్రయాణంలో తోడుండు, కాపాడు, ఆ తరువాత ఆమేన్ ఒక్కటే మిగిలింది, ఆమేన్ అంటే అతను లేస్తాడు, అనకపోతే లేవడు, అందుకని అనలేదు, అత్త ఒకసారి దగ్గింది, అతని ఊపిరి వినిపిస్తోంది, ప్రార్థన మధ్యలో ఎన్నడూ తెరవని కళ్ళు తెరిచింది, అతను రెప్పలు గట్టిగా బిగించుకుని ఉన్నాడు, ఆమేన్ కోసం అలా ఎవరూ బిగించుకోరు, నిన్న బావి దగ్గర అడిగిన జవాబు కోసమే, ఇన్నాళ్ళూ ఇతన్ని ఆపాలా పంపాలా అనుకుంటూ కూర్చుంది, అది కాదు, ఈ ఇంట్లో ఉండలేనిది తను, వెళ్ళాల్సింది తను కూడా, ఆ సంగతి తెలిసినందుకు ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు, ఆకలి తెలిసినట్టు తెలిసింది, అంతే, ఆమె లేచింది, తల్లీ కొడుకూ తలలు వంచుకుని ఇంకా ఆమేన్ కోసమే కాచుకుని ఉన్నారు, ఆమె వాళ్ళ మధ్యనుంచి రేకుపెట్టెను నెమ్మదిగా ఎత్తి చంకన పెట్టుకుని, ఆమేన్ అనకుండానే గడప దాటి, బస్సు ఆగే రోడ్డువైపు నడిచింది.