వీధి కింద వీధులు

ఊరు కుంగుతోందా, లేక వీధే పైకి లేస్తోందా అన్న అనుమానం బ్రిజ్‌నందన్ రస్తోగీని చిన్నప్పటినుంచీ వదల్లేదు. పెద్దవాళ్ళు మాత్రం ఊరే కుంగుతోందనేవారు. మాన్‌గఢీలో ఠాకూర్లు కోట కట్టిన కొత్తలో ఒక సాధువు వచ్చి, హాథీ దర్వాజా అనే ఏనుగుల ద్వారం నీడలో ఒక్క పూట పడుకోనిమ్మని అడిగాడట. కాపలావాడు కర్రతో పొడిచి తరిమేశాడట. "అయితే మీ ఊరే వెళ్ళి భూమిలో పడుకుంటుంది" అని సాధువు దారిన తాను వెళ్ళిపోయాడట. ఆనాటినుంచీ ఊరు ఏటా వేలెడంత లోపలికి దిగుతోందని మాన్‌గఢీలో పసిపిల్లలు కూడా చెబుతారు. దసరాకు ముందు ఆ సాధువు పేరుమీద దర్వాజా మూలన దీపం పెట్టి, శాంతించమని మొక్కుకోవడం రస్తోగీ ఇంట్లో కూడా ఉంది.

సాక్ష్యం కావాలంటే కళ్ళముందే ఉంది. దర్వాజా రాతి స్తంభానికి ఏనుగుల గొలుసు తగిలించే ఇనుప కడియం ఒకటుంది. బ్రిజ్‌నందన్ చిన్నతనంలో తండ్రి భుజాలమీద నిలబడినా దాన్ని అందుకోలేకపోయేవాడు. ఇప్పుడు పాలవాడు దానికి క్యాన్లు తగిలించి తీరిగ్గా బీడీ ముట్టించుకుంటున్నాడు. రస్తోగీల ఇంట్లోకి ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళేవారు. కొన్నాళ్ళకు గడప, వీధి సమానమయ్యాయి. ఆ తరవాత ఇంట్లోకి మెట్లు దిగాల్సి వచ్చింది. గిన్నెల కొట్టు బాగా నడిచిన రోజుల్లో ఆ ఇల్లు పడగొట్టి, ఎత్తుగా అరుగు లేపి కొత్తిల్లు కట్టుకున్నారు. ఎదురుగా ఉన్న కుమ్మరి రామ్‌కలీకి అంత స్తోమత లేదు. ఆమె ఇంటి కిటికీలోంచి చూస్తే వీధిలో నడిచేవాళ్ళ చెప్పులు మాత్రమే కనిపిస్తాయి.

కుంగే ఊరిని కాపాడడానికి మునిసిపల్ బోర్డుకు తెలిసిన ఉపాయం ఒక్కటే. ఎవరు కౌన్సిలరుగా గెలిచినా ఉన్న వీధిమీద ఇంకో పొర వేయించడం, దర్వాజా పక్క గోడలో తన పేరుతో శిలాఫలకం పెట్టించుకోవడం. పాత పొరను తవ్వడం అన్నది ఎవరికీ తట్టలేదు. శాపానికి దిగిపోతున్న ఊరిని ఎవరైనా ఇంకా కిందికి తవ్వుకుంటారా? పైగా పొర ఎత్తుగా కనిపిస్తేనే పని జరిగినట్టు లెక్క. గోడలో అడుగునున్న ఫలకాలు ఎప్పుడో వీధిలోకి మునిగిపోయాయి.

ఈసారి ఆ వరసలో బ్రిజ్‌నందన్ వంతు వచ్చింది. అరవైకి దగ్గరపడ్డాక మొదటిసారి గెలిచాడు. వీధికి సిమెంటు రోడ్డు మంజూరైంది. దసరాలోపు పూర్తి చేయాలని కాంట్రాక్టరు టేక్‌చంద్‌కు పని అప్పగించారు. శిలాఫలకం కూడా చెక్కడం అయిపోయింది. బ్రిజ్‌నందన్ భార్య కుసుమ గుడికి వెళ్ళే నెపంతో శిల్పి కొట్టు దగ్గర ఆగి చూసి వచ్చి, బోర్డు అధ్యక్షుడి పేరుకన్నా మీ పేరు చిన్నగా చెక్కారని రెండుసార్లు అంది.

అయినా ఆయనకు మనసు నిలవలేదు. పూజలో కూర్చుంటే మంత్రం మధ్యలో తప్పిపోయేది. కొట్లో కూర్చుంటే ఇంటికి వెళ్ళాలనిపించేది. ఇంటికొస్తే అరుగుమీద నిలబడి ఎదురింటి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయేవాడు.

భాదోం నెల, అంటే భాద్రపదం వానలు దాదాపు వెనకబట్టాయనుకున్న సమయంలో ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. వీధిలో నీళ్ళన్నీ రామ్‌కలీ గడప దాటి లోపలికి దూకాయి. దీపావళికోసం చేసి ఆరబెట్టిన ప్రమిదలు ఇంకా కాల్చడానికి ఆవంలోకి వెళ్ళలేదు. వాన వెలిశాక బ్రిజ్‌నందన్ దిగి వెళ్ళేసరికి, ఆ ముసలామె కుండలు చేసే సారె పక్కన కూర్చుని చేటతో నీళ్ళు ఎత్తిపోస్తోంది. ప్రమిదలన్నీ మళ్ళీ బురదయ్యాయి.

"రా బ్రిజ్జూ" అంది ఆమె తల ఎత్తకుండానే. "ఇప్పుడైతే మెట్లు దిగి వస్తున్నావు. నీ రోడ్డు పడ్డాక నిచ్చెన తెచ్చుకోవాలి."

"ఏం చేస్తాం కాకీ, సాధువు శాపం" అన్నాడు ఆయన, ఆమెను పిన్ని వరసలో పిలుస్తూ. అలవాటుగా నోటికొచ్చిన మాట.

"శాపం ఊరందరికీ అయితే నీ ఇల్లొక్కటీ పైకెలా లేచిందిరా? నీకు వేరే సాధువు దొరికాడా?"

చేతికందిన తట్టతో తానూ నీళ్ళు తోడసాగాడు. ఆమె అలా పని చేస్తూనే, ఈసారి పొర పడితే ఇల్లు అమ్మేసి కాన్పూరు పోదామని కొడుకు హరిఓం పట్టుబట్టి కూర్చున్నాడని, కొనేవాడు కూడా తయారుగా ఉన్నాడని చెప్పింది. కాన్పూరులో వాళ్ళు ఉండబోయేది మూడో అంతస్తట. అక్కడ సారె ఎక్కడ పెట్టుకోవాలని తాను అడిగితే, హరిఓం నవ్వి ఊరుకున్నాడట.

వెళ్ళబోతుంటే ఆమె వెనకనుంచి పిలిచింది.

"మేం ఊరు విడిచి పోయేలోపు ఒక మాట అడగనా? మీ నాన్న కౌన్సిలరుగా ఉన్నప్పుడు గవర్నరుగారు వస్తున్నారని దర్వాజా ముందు గుంత పూడ్చాల్సి వచ్చింది. నేను అప్పుడే కాపురానికి వచ్చాను. మా ఆయన చెరువునుంచి తెచ్చి, కాళ్ళతో తొక్కి, రాళ్ళేరి పెట్టుకున్న మట్టి రెండు బళ్ళు తోలుకెళ్ళాడు మీ నాన్న. దీపావళిలోపు తెచ్చి పోయిస్తానన్నాడు. ఏ దీపావళో మాత్రం చెప్పలేదు."

ఆమె నవ్వుతూనే అంది. ఆయనకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు. తండ్రి మంచివాడు, ఏకాదశి తప్పకుండా ఉపవాసం ఉండేవాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. మరిచిపోయి ఉంటాడు. మరిచిపోవడం పాపమా కాదా అన్నది బ్రిజ్‌నందన్‌కు తేలలేదు.

మర్నాడు పొద్దున్నే నీటి గొట్టాలవాళ్ళు వచ్చి ఆయన ఇంటిముందునుంచి దర్వాజా స్తంభం మొదటిదాకా వీధి తవ్వారు. వేపపుల్ల నములుతూ గట్టుమీద గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు. నిలువుగా కోసిన గోడలో పైన సిమెంటు. దాని కింద తారు. తారు కింద నిలువుగా పేర్చిన ఇటుకలు. వాటి కింద కంకర, మళ్ళీ ఇటుకలు. ఒక వీధి కింద ఇంకో వీధి, దాని కింద మరొకటి. అన్నిటికన్నా అడుగున, దర్వాజా స్తంభాల పునాది రాయి ఎవరూ కదపనట్టు, పగుళ్ళు లేకుండా ఉంది.

పుల్ల నోట్లోనే ఉండిపోయింది. ఊరు ఎక్కడికీ దిగలేదు. ఎన్ని తరాలుగానో తామే ఒకరి తరవాత ఒకరు ఊరిని పాతిపెడుతూ, నేరం ఆ సాధువుమీద వేశారు. ఇన్నేళ్ళు దీపం పెట్టి శాంతించమని మొక్కుకున్నది ఎవరికి? ఆ సాధువుకు ఎప్పుడైనా కోపం వచ్చిందో లేదో కూడా ఎవరికి తెలుసు? అనుమానం తీరింది గానీ మనసు కుదుటపడలేదు. ఇంకా కలతపడింది.

స్నానం చేసి సరాసరి టేక్‌చంద్ దగ్గరికి వెళ్ళాడు. పాత పొరలన్నీ తీసేసి అడుగున కొత్త రోడ్డు వేయమన్నాడు. టేక్‌చంద్ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమోనని చూశాడు.

"లాలాజీ, రోడ్డు వేశావా అని జనం అడిగితే ఏం చూపించను, గొయ్యి చూపించనా?"

అధ్యక్షుడు ఓంవీర్ సింగ్ కాస్త మర్యాదగానే మాట్లాడాడు. ఎత్తు పెరగని రోడ్డుకు శిలాఫలకం పెట్టే ఆనవాయితీ మాన్‌గఢీలో లేదని, చెక్కిన రాయి వృథా అవుతుందని, ఇంట్లో వదినమ్మను ఒక మాట అడిగి రమ్మని చెప్పి పంపాడు. అడగకుండానే బోర్డు సమావేశంలో మాట్లాడతానని బ్రిజ్‌నందన్ నిశ్చయించుకున్నాడు.

సమావేశంలో మొదట ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. గొయ్యిలో చూసింది చెప్పాడు. రామ్‌కలీ ఇల్లు మునిగిన సంగతి, వాళ్ళు ఊరు వదిలే సంగతి చెప్పాడు. ఒకరు ఆవలించారు. టీ వచ్చింది. ఒక కుమ్మరింటికోసం ఊరి పనులు ఆపుకుంటామా అని వెనక వరసలో ఎవరో అన్నారు. సాధువు శాపం వట్టిదంటే ఊళ్ళో గొడవలవుతాయని ఇంకొకరు సలహా ఇచ్చారు. బ్రిజ్‌నందన్ కూర్చున్నాడు. చేతిలో టీ చల్లారింది. మళ్ళీ లేచాడు.

"కిందటి దసరాకు రాముడి ఊరేగింపు దర్వాజా కింద ఆగిపోయింది, గుర్తుందా?" అన్నాడు. "సింహాసనం కాళ్ళు రంపంతో కోసి దాటించాం. అయినా రాముడి వేషం వేసిన పిల్లవాడు కిరీటం పట్టుకుని తల వంచాడు. ఈసారి ఇంకో జానెడు లేపండి. రావణుడి ముందు వంచని తలను మన ఊరి గుమ్మంలో వంచుదాం."

అధ్యక్షుడు టీ కప్పు కింద పెట్టాడు. ఓంవీర్ సింగ్ రామలీల సంఘానికి కూడా అధ్యక్షుడే. వెనక వరసాయన దర్వాజా కమాను కాస్త చెక్కితే సరిపోతుందేమో అన్నాడు.

"కమాను చెక్కితే పురావస్తు శాఖవాళ్ళు వచ్చి మనల్ని చెక్కుతారు" అన్నాడు అధ్యక్షుడు. తవ్వడం తప్ప దారి లేదని తేలాక, ఆ మాట ముందే అందామనుకున్నామని ఒకరి తరవాత ఒకరు చెప్పుకొచ్చారు.

గెలిచినవాడిలా ఇంటికి రావలసిన మనిషి దొంగలా వచ్చాడు. తెల్లవారి తులసికి నీళ్ళు పోస్తూ నిలబడిపోయాడు. రామా, ఆ ముసలిదాని పేరు చెబితే ఒక్కరూ వినలేదు, నీ పేరు చెబితే అందరూ విన్నారు. నీ పేరును మట్టి పనికి వాడుకున్నానా, లేక నువ్వే నా నోట పలికించావా? చెంబులో నీళ్ళు అయిపోయాయి.

తవ్వకం మొదలైన నాడు వీధంతా అరుగులమీదే ఉంది. పొర లేచినప్పుడల్లా ఎవరో ఒక ముసలాయన అది పాత కౌన్సిలరు చౌబేగారి తారు, ఇది ఫలానా వకీలుగారి ఇటుకలు అని గుర్తుపట్టి వాళ్ళను తలుచుకునేవాడు, కొందరిని తిట్టేవాడు కూడా. చెక్కిన రాయి శిల్పి కొట్లోనే ఉండిపోయింది. కుసుమ భర్తతో పొడిపొడిగా మాట్లాడుతోంది గానీ, కూలీలకు మజ్జిగ మాత్రం తనే పంపింది. మూడో రోజుకు రామ్‌కలీ గడప బయటపడింది. దాని ముందున్న రాతి మెట్టు కూడా బయటపడింది. అలాంటి మెట్టు ఒకటుందని హరిఓంకే తెలియదు.

దర్వాజా ముందుకు వచ్చేసరికి గడ్డపార ఒక్కసారిగా వెన్నలోకి దిగినట్టు దిగింది. కంకర లేదు, ఇటుక లేదు. నల్లగా, నున్నగా మట్టి. ఇంత మంచి మట్టి ఇటుకల బట్టీకి పంపిస్తానని టేక్‌చంద్ ట్రాక్టరు పిలిపించాడు. ఈలోపు రామ్‌కలీ కర్ర పట్టుకుని వచ్చింది. వంగి ఒక ముద్ద తీసి, ఉమ్మితో తడిపి, వేళ్ళ మధ్య సన్నని తాడులా పేనింది. తాడు తెగలేదు.

"మా చెరువుది. ఆయన తొక్కినదే" అంది.

టేక్‌చంద్ ట్రాక్టరుకు సైగ చేస్తుంటే బ్రిజ్‌నందన్ అడ్డు నిలబడ్డాడు.

"ఇది బోర్డుది కాదు టేక్‌చంద్. మా నాన్న బాకీ. ట్రాక్టరు ఆ ఇంటివైపు తిప్పు."

ట్రాక్టరు దర్వాజా పక్క సందులో తిరగలేదు. చివరికి తోపుడు బండి తెప్పించారు. గిన్నెల కొట్టు లాలాజీ భుజంమీది గమ్‌ఛా తువ్వాలును తలపాగా చుట్టుకుని కూలీలతోపాటు తట్ట ఎత్తాడు. ఎవరో నవ్వారు, ఎవరో వద్దన్నారు. హరిఓం వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. బండి నిండింది, పెరట్లో సారె పక్కన కుమ్మరించారు. మళ్ళీ నిండింది, మళ్ళీ కుమ్మరించారు. ఇంకో తట్ట తేబోతుంటే రామ్‌కలీ చెయ్యి అడ్డంపెట్టింది.

"చాలు. రెండే తీసుకున్నాడు."

కుప్పమీద కాసిని నీళ్ళు చల్లి, తడి గోనె కప్పి, అంచులు చేత్తో నొక్కింది. తరవాత బ్రిజ్‌నందన్ వైపు తిరిగి, బురద కొట్టుకుపోయిన ఆయన ముఖాన్ని కొంగుతో తుడిచింది.

"చెల్లింది, ఇక పో" అంది. "వెళ్ళి స్నానం చెయ్యి."