కోపానికి నిలిచిన కుట్లు

లిఫ్టులో ఇరుక్కున్న మనిషి ముందు తిడతాడు, తర్వాత బతిమాలతాడు, ఆ తర్వాతే చెప్పింది వింటాడు. ఈ సంగతి లిఫ్టుల కంపెనీలో ఫోను దగ్గర తొమ్మిదేళ్ళు కూర్చున్న ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, సాయంత్రం దాకా ఆ తిట్లూ ఆ బతిమాలడాలూ వింటూ, మెకానిక్ చేరేవరకూ అవతలి గొంతుని వదలకుండా పట్టుకుని కూర్చునేది. తలుపులు బాదేవాళ్ళని మాటలతోనే నేలమీద కూర్చోబెట్టేది. చంటిపిల్లతో ఇరుక్కున్న తల్లిచేత అంకెలు లెక్కపెట్టించేది. మెకానిక్కులు ఆవిడకి ధైర్యమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

ధైర్యమ్మ లావుగా ఉంటుంది. కథలు చెప్పేవాళ్ళు ఈ మాట దగ్గరికొచ్చేసరికి బొద్దుగా అనో, నిండుగా అనో నీళ్ళు నములుతుంటారు. నమలడం దేనికి? లావుగా ఉంటుంది, అంతే. వాళ్ళమ్మా అంతే, అమ్మమ్మా అంతే.

ఆమెకి కోపం వస్తే కుట్లు ఊడతాయి. ముందు ఆమె ఒంటిమీదివి, నిమిషం తిరిగేలోగా ఆ గదిలో ఉన్నవాళ్ళందరివీ. పుట్టిన రోజునే పాలు ఆలస్యమయ్యాయని ఏడిస్తే నర్సు జేబు ఊడి కింద పడిందట. బళ్ళో టీచరు బీరువాలో సుద్దముక్కల పక్కనే సూదీదారం పెట్టుకునేది. ఆఫీసులో సొరుగు సొరుగుకీ పిన్నీసులున్నాయి. కొందరికి దుమ్ము పడితే తుమ్ములొస్తాయి, ఈమెకి ఇది. అందులో వింతేమీ ఎవరికీ కనిపించలేదు.

వింతల్లా ఒకటే. ఇంత తెలిసి కూడా ఆమెని మాటలనేవాళ్ళు. ఎందుకంటే ముందు ఊడేవి ఆమె కుట్లే కదా! భుజం దగ్గర దారం టప్పున తెగగానే నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఫైలు అడ్డం పెట్టుకుని బాత్రూములోకి పరుగెత్తేది. ఎదుటివాడి చొక్కాదాకా కోపం చేరేలోపే చల్లారిపోయేది. అన్నవాడేమో నిండు బట్టలతో దర్జాగా తిరిగేవాడు, పడిన మనిషేమో పిన్నీసులు గుచ్చుకుంటూ కూర్చునేది. దీన్ని న్యాయం అనేవాళ్ళెవరైనా ఉంటే ముందుకి రమ్మనండి.

"నోరు మంచిదైతే ఊరు మంచిది తల్లీ," అనేది వాళ్ళమ్మ, ప్రతి సాయంత్రం ఊడినవి మళ్ళీ కుడుతూ. "ఎవడో ఏదో కూస్తాడు. ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్."

"వదిలేస్తూనే ఉన్నానమ్మా. తొమ్మిదేళ్ళుగా నేను లిఫ్టెక్కితే చాలు, 'బరువెక్కువైంది, ఇద్దరు దిగండి' అని ఎవడో ఒకడు అంటూనే ఉన్నాడు. మిగతావాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. నేను వదిలేస్తూనే ఉన్నాను."

అలాంటప్పుడు కంపెనీలో కొత్తగా ట్రైనర్ పోస్టు పెట్టారు. ఆసుపత్రులకీ పెద్ద పెద్ద భవనాలకీ వెళ్ళి, లిఫ్టు ఆగిపోతే ఏం చెయ్యాలో జనానికి ఎదురుగా నిలబడి చెప్పాలి. చెప్పాల్సిందంతా నలభై పేజీల పుస్తకంగా రాసింది ధైర్యమ్మే. తొమ్మిదేళ్ళ ఫోన్లన్నీ వడగట్టి రాసింది. కనక ఆ పోస్టు తనకే రావాలనుకుంది. గోడలు చూస్తూ మాట్లాడీ మాట్లాడీ ఆమెకి విసుగొచ్చింది. ఒక్కసారైనా తన మాట వింటున్నవాళ్ళ ముఖాలు చూడాలని ఆశ.

మేనేజరు పిలిచాడు. "మీ పేరూ రాసుకున్నాం మేడం. రెండు వారాల్లో కమిటీ కూర్చుంటుంది. ఒక్క విషయం. జనంలోకెళ్ళే ఉద్యోగం కదా, డ్రెస్సు స్మార్ట్ క్యాజువల్‌గా ఉండాలి."

"అంటే ఎలా సార్?"

"మరీ పెళ్ళికెళ్తున్నట్టు ఉండకూడదు, మరీ మంచం దిగి వచ్చినట్టూ ఉండకూడదు." ఆమె ఒంటిమీది గోనెసంచిలాంటి చొక్కా చూసి గొంతు సవరించుకున్నాడు. "మీరు... నలుపు వేసుకోండి. కాస్త కలిసొస్తుంది."

ఆ వారం ఆమె దుకాణాలన్నీ తిరిగింది. మొదటి దుకాణంలో పెద్ద సైజులు మూడో అంతస్తులో ఉన్నాయన్నారు. లిఫ్టు లేదు. లిఫ్టుల కంపెనీ మనిషికి అంతకన్నా అవమానం ఉంటుందా? రొప్పుకుంటూ ఎక్కితే అక్కడున్నవి మూడు రకాలు: గుడారాలు, దిండు గలీబుల్లాంటి పూలపూల బట్టలు, నలుపు. రెండో దుకాణంలో అమ్మే అమ్మాయి, ఈమె నోరు తెరవకముందే, "మీకు రావు మేడం," అంది. కళ్ళతోనే కొలిచేసింది మహాతల్లి.

మూడో దుకాణంలో దొరికాయి. పదకొండు జతలు పట్టుకుని గదిలోకి వెళ్ళింది. భుజం కుట్టు మోచేతి దగ్గరికి జారింది. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. మనిషి లావైతే చేతులు కూడా పొడుగవుతాయా? ఎవరో బక్కమనిషి కొలతలు తీసుకుని, దానికి గాలికొట్టి అమ్ముతున్నారన్నమాట! రొమ్ము దగ్గర సరిపోయినది నడుం దగ్గర గుడారం. నడుం దగ్గర సరిపోయినదానికి రొమ్ము దగ్గర గుండీలు నోళ్ళు తెరిచాయి. జేబుల్లో చెయ్యి పెట్టబోతే అవి ఉత్తుత్తి జేబులు.

బయటినించి అమ్మే అమ్మాయి కర్టెన్ సందులోంచి ఒక వెడల్పాటి బెల్టు అందించింది. "లోపల ఇది బిగించుకోండి మేడం, అన్నీ పట్టేస్తాయి. ఊపిరి కొంచెం తక్కువ పీల్చుకోవాలి, అంతే."

ఊపిరాడనివాళ్ళకి ధైర్యం చెప్పి ఊపిరి పీల్పించడమే ఆమె ఉద్యోగం. అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండు జతలూ విప్పిన ముక్కలై కుప్పపడ్డాయి. కర్టెన్ కూడా రింగుల దగ్గర ఊడి కిందికి జారింది. దుకాణం యజమాని కోపంగా వచ్చాడుగానీ, తన చొక్కా చెయ్యి తానే పట్టుకుని రావాల్సొచ్చింది.

"వెనకవీధిలో కత్తెరమ్మని ఒకావిడ ఉంది, అక్కడికి వెళ్ళండి," అన్నాడు. "మీకు దణ్ణం పెడతాను, మళ్ళీ మా దుకాణానికి మాత్రం రాకండి."

కత్తెరమ్మ ఈనెపుల్లలా ఉండే ముసలావిడ. ఒకటే గది, ఒకటే మిషను, గోడనిండా దారపు ఉండలు. ధైర్యమ్మ చెప్పిందంతా నోట్లో గుండుసూదులు పెట్టుకునే వింది. తర్వాత వాటిని తీసి బల్లమీద పెట్టింది.

"ఇన్నాళ్ళూ నీ కొలతలు ఎలా తీశారే?"

"అందరికీ తీసినట్టేనండీ. నిలబడమన్నారు, నిలబడ్డాను."

"శాంతంగా?"

"మరి కోపంగా నిలబడతానా?"

"అదే తప్పు. శాంతంగా నిలబడ్డావంటే పొట్ట లోపలికి లాక్కుని, భుజాలు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డావన్నమాట. ఆ కొలత నీది కాదు, నీ భయానిది. కోపం వచ్చినప్పుడే మనిషి తనంత చోటు తను తీసుకుంటుంది. కోపం తెచ్చుకో, అప్పుడు టేపు పెడతాను. ఊడేదేదో ఇక్కడే ఊడాలి."

రమ్మంటే వచ్చే చుట్టమా కోపం? తొమ్మిదేళ్ళు మింగడం నేర్చిన గొంతు. ఎంతకీ రాలేదు. కత్తెరమ్మ మూలనున్న పాత పత్రిక తీసి, కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. "పొట్ట కనపడకుండా ఉండడానికి పది చిట్కాలు. ఒకటి. ఫోటోల్లో ఎప్పుడూ వెనక వరసలో నిలబడండి..."

టప్.

"ఆఁ, వస్తోంది, ఆపకు," అని కత్తెరమ్మ టేపు అందుకుంది.

ఇక ఆపడం ఎవరి తరం? ఆస్పత్రికి గొంతునొప్పని వెళ్తే గొంతు చూడకుండా బరువు తగ్గమన్న డాక్టరు ఆమె తిట్లలో బయటికొచ్చాడు. కూర్చోబోతుంటే "జాగ్రత్త, కొత్త కుర్చీ" అన్న గుమాస్తా వచ్చాడు. భోజనాల దగ్గర ఆమె పళ్ళెంలోకి తొంగిచూసే చుట్టాలందరూ వరసగా వచ్చారు. ఉప్పూ కారం తినే మనిషి కదా, ఎన్నాళ్ళని పడుతుంది! ఆమె గొంతు పెరిగింది, ఛాతీ పొంగింది, భుజాలు వెనక్కి వెళ్ళాయి. కత్తెరమ్మ జాకెట్టు చెయ్యి ఊడి వేలాడుతోంది. ఆవిడ దాన్ని పట్టించుకోకుండా అంకెలు రాసుకుంటూ పోయింది.

అలా ఆరు సాయంత్రాలు. ధైర్యమ్మ తిట్టేది, కత్తెరమ్మ కుట్టేది. కుట్టు తప్పుచోట పడితే అప్పటికప్పుడే ఊడిపోయేది. ఆవిడ అరంగుళం ఇటు జరిపి మళ్ళీ వేసేది. ఊడకుండా నిలిచిన చోట రెండో వరస వేసి బిగించేది. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద నిలిచింది. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. రొమ్ము దగ్గర గుండీలు నోరు తెరవకుండా లోపల చిన్న గుండీ ఒకటి పడింది. కూర్చున్నప్పుడు జారకుండా ప్యాంటు నడుం వెనకవైపు కాస్త పైకి లేచింది. జేబులు నిజం జేబులు, ఫోనూ తాళాలూ పట్టేంత లోతువి.

మొత్తం మీద రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, ముందు గుండీలు పెట్టక్కర్లేని వంకాయరంగు కోటు ఒకటి. దేనిమీద ఏది వేసినా ఒదిగింది. నల్లది ఒక్కటీ లేదు. పసుపుపచ్చ చొక్కామీద కోటు వేసుకుని ధైర్యమ్మ అద్దంలో చూసుకుంది. సన్నగా ఏం కనిపించలేదు. అచ్చంగా తనంతే ఉంది. అంతే ఉండి, బాగుంది. కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ తనకి ఇదెవరూ ఇవ్వలేదే అని మళ్ళీ ఒళ్ళు మండింది. ఆ మంటకీ ఒక్క దారం కదల్లేదు.

కమిటీలో మేనేజరూ, ఇంకో ఇద్దరు ఆఫీసర్లూ ఉన్నారు. పోస్టుకి పోటీపడుతున్న కొత్తమ్మాయిని కూడా అప్పుడే పిలిచారు. పాతికేళ్ళుంటాయి, ఆఫీసుకొచ్చి మూడు నెలలు.

"అబ్బో, మేడం బాగా తగ్గారే!" అన్నాడు మేనేజరు. మెచ్చుకుందామనే అన్నాడు పాపం, ఆయనకి వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే.

"తగ్గలేదు సార్."

"ఆఁ... సరే. విషయం ఏంటంటే, మీ పుస్తకం బ్రహ్మాండంగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి చెప్పడానికి ఈ అమ్మాయిని పంపిద్దామనుకుంటున్నాం. మీరు వెనక ఉండి నేర్పించండి."

"ఎందుకు సార్?"

"మీరే ఆలోచించండి. మీరు లిఫ్టు పక్కన నిలబడి ఇది భద్రం అంటే, జనం మొదట లిఫ్టు వంక చూస్తారు, తర్వాత మీ వంక చూస్తారు..."

ఆఫీసర్లలో ఒకాయన కిసుక్కున నవ్వాడు.

టప్.

ధైర్యమ్మ అలవాటు కొద్దీ ఫైలు గుండెలకి అడ్డం పెట్టుకుని సగం లేచింది. లేచి భుజం చూసుకుంది. తెగిన దారం తనది కాదు. నవ్విన ఆయన చొక్కా చెయ్యి మోచేతి కిందికి జారుతోంది. ఆమె మళ్ళీ కూర్చుంది. ఫైలు బల్లమీద పెట్టింది.

"లిఫ్టులో పదమూడు మంది అని రాస్తాం సార్. మనిషికి అరవై ఎనిమిది కిలోల చొప్పున లెక్కేసి రాస్తాం. ఆ అరవై ఎనిమిది కిలోల మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఒకరు యాభై ఉంటారు, ఒకరు నూటపది ఉంటారు. లిఫ్టు ఎవరినీ వెక్కిరించదు, మోస్తుంది. ఆపాటి సంస్కారం మనకి లేదు."

"మేడం, మేడం," అంటూ మేనేజరు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దగ్గర కోటు విడిపోయింది. రెండో ఆఫీసరు తలుపు వంక చూసి లేవబోయాడు. ప్యాంటు పక్క కుట్టు తొడదాకా చీలేసరికి చటుక్కున కూర్చున్నాడు. ఇక ఎవరూ లేవలేదు. లేవలేని మనుషులు వినక ఏం చేస్తారు?

"తొమ్మిదేళ్ళలో నేను బయటికి తెచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా నా నడుం ఎంతని అడగలేదు సార్. 'ఉన్నారా అండీ' అని అడిగారు. 'ఉన్నాను' అన్నాను. మీరు నా పుస్తకం ఉంచుకుని నన్ను గదిలో దాచేద్దామనుకున్నారు. నేను దాక్కోను."

కొత్తమ్మాయి ఊడిన కాలరు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తింది. "సార్, ఆ పుస్తకం మూడుసార్లు చదివాను. అవతల మనిషి ఏడుస్తుంటే ఏ గొంతుతో చెప్పాలో అందులో లేదు. అది అక్కకే తెలుసు. ఆవిణ్ణి పంపండి, నేను కూడా వెళ్ళి నేర్చుకుంటాను."

మేనేజరు రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని ఉన్నాడు. "ముందు మీరు కాస్త కోపం తగ్గించుకోండి మేడం, తర్వాత మాట్లాడదాం."

"అది కూడా తగ్గదు సార్. ఇప్పుడే మాట్లాడదాం."

మాట్లాడారు. ఆమె మనసులో ఉన్నదంతా అయిపోయేదాకా, పూర్తిగా గంటన్నర.

ఇంటికొచ్చి చెప్తే వాళ్ళమ్మ మొదట అడిగింది ఒకటే. "నీ కుట్లు?"

"ఒక్కటీ ఊడలేదమ్మా."

పెద్దావిడ నమ్మలేదు. కోటు విప్పించి, తిరగేసి, చంకల కింద, భుజాల మీద వేళ్ళతో లాగి చూసింది. కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నీ నోరు మూయించడం మీద పెట్టిన శ్రద్ధ, నీకు మంచి బట్టలు కుట్టించడం మీద పెట్టాల్సింది నేను," అంది. కూతురు వెళ్ళి పక్కన కూర్చుంది.

మూడో రోజు ఉత్తరం వచ్చింది. పోస్టు ఆమెకే ఇచ్చారు, కొత్తమ్మాయి సహాయకురాలు. కింద చిన్న అక్షరాలతో ఒక షరతు కూడా ఉంది: శిక్షణ ఇచ్చే సమయంలో ఉద్యోగిని కోపం తెచ్చుకోరాదు.

ధైర్యమ్మ రెండుసార్లు చదివింది. స్కేలు తీసుకుని, ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద సంతకం పెట్టి వెనక్కి పంపింది.

మేనేజరు ఆ గీత చూశాడు. తర్వాత తన భుజాలు తడుముకున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాగితం ఫైల్లో పెట్టెయ్యమన్నాడు.