పక్కింటావిడ లేని ఇల్లు

కథలో ఏడు పేజీలూ వాన కురుస్తూనే ఉంటుంది. మొగుడు పోయిన మనిషి ఒకతె ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఇల్లంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు, తాను అందులో మెల్లగా ఈదుతున్నట్టు అనుకుంటుంది. అంతే కథ. అత్తగారు జన్మలో రాసింది అదొక్కటే. దాన్ని టీవీకి రాసే పని కోడలి మీద పడింది.

కోడలు కాగితం మధ్యలో నిలువుగా గీత గీసింది. ఎడమవైపు కనబడేది, కుడివైపు వినబడేది. ‘అనుకుంది’ అన్న మాట ఎటువైపూ ఇమడలేదు. మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని, చివరికి ఒక పక్కింటావిడను పుట్టించింది. ఆవిడ వస్తుంది, కూర్చుంటుంది, ఎలా ఉన్నావమ్మా అంటుంది. ఇక మనసులో ఉన్నవన్నీ మాటలై బయటికొస్తాయి. డైరెక్టరుకు ఫోనులో చెబితే, “భలే కుదిరిందండీ, సాయంత్రానికి పంపేయండి” అన్నాడు.

పంపేముందు అత్తగారికి చదివి వినిపించింది. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇదేం చోద్యమమ్మాయ్? నాకెవరూ లేరని చెప్పుకోడానికి ఒక మనిషిని తెచ్చి కూర్చోబెట్టావు!”

“టీవీలో మనసు కనబడదు కదా అత్తయ్యా.”

“అయితే నా కథ నాకిచ్చెయ్. చుట్టపక్కాలున్న కథ ఇంకెవరినైనా అడుక్కో.”

కోడలికి చురుక్కుమంది. మూడు రోజుల పని బూడిదలో పోసిన పన్నీరైంది. అయినా పంతానికి పోలేదు.

“సరే, అవన్నీ అనుకుంటున్నప్పుడు ఆవిడ ఏం చేస్తోంది? చేతులు ఊరికే ఉండవుగా?”

“ఏం చేస్తుంది, దుప్పటి మడతేస్తోంది. అది కూడా రాస్తారా ఎవరైనా?”

“ఒక్కతే ఎలా వేస్తుంది?”

అత్తగారు లేచి, ఆరిన తెల్లదుప్పటి తెచ్చింది. ఒక కొసను బీరువా తలుపు సందులో పెట్టి మూసింది. రెండో కొస పట్టుకుని గది చివరిదాకా వెనక్కి నడిచింది. కిటికీ వెలుగు బట్టలోంచి వడకట్టినట్టు పడి గదంతా పాలు కలిసిన నీళ్ళలా అయింది. దుప్పటి ఊపిరి తీసినట్టు ఉబ్బి, నెమ్మదిగా దిగింది. ఆవిడ దాన్ని మడుస్తూ, ఎవరికో ఎదురెళుతున్నట్టు బీరువా తలుపుదాకా నడిచొచ్చింది. కోడలికి కాళ్ళకింద నేల తేలిపోయింది. తెలియకుండానే చెయ్యి చాచి, బీరువా దగ్గర కొస అందుకోబోయింది.

“ముట్టుకోకు. నువ్వు పట్టుకుంటే ఇక కథేముంది?”

సాయంత్రం, పంపిన కాగితాలు అందగానే డైరెక్టరు ఫోను.

“ఏమండీ, కుడివైపంతా ఖాళీ! పక్కింటావిడేదీ?”

“తీసేశానండీ. ఆవిడుంటే కథ ఉండదు. మా అత్తయ్య ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.”

ఎడమవైపు మళ్ళీ చదువుతున్నాడు కాబోలు, అవతల కాగితం కదిలిన చప్పుడు వినిపించింది.

“ఇలాగే తీద్దాం. కానీ ఆ వేషం వేసే నటికి ఇలా మడతెయ్యడం ఏం వస్తుందండీ?”

పక్కనే వింటున్న అత్తగారు ఫోను వైపు వంగింది.

“పంపించు నాయనా, నేర్పుతాను. వెంట మాత్రం ఎవరినీ తీసుకురావద్దని చెప్పు.”