రెండు చీటీల సీసా

నేను ఒక సీసాను. లీటరు నీళ్ళు పట్టే గాజు సీసాను. మందు సీసా అనుకునేరు, ఆ యోగం నాకు లేదు. నగర కార్యాలయంవారి నీటి పరీక్షల గదిలో నా ఉద్యోగం. ఎవరినీ ఊరికే నమ్మను. ఆ మాట ముందే చెబుతున్నాను, తర్వాత నన్నేమీ అనుకోవద్దు.

కొలిమిలోంచి బయటపడగానే నన్ను పట్టుకున్న మొదటి మనిషి, వెలుతురుకెత్తి పగులెక్కడుందా అని వెతికాడు. అనుమానం నాకప్పుడే అంటుకుంది. దుకాణంవాడు "కొత్త సరుకండీ, కడగక్కర్లేదు" అని ఒట్టేసి మరీ అమ్మాడు. ఇక్కడ కడిగితే నా కడుపులోంచి గడ్డిపరక బయటపడింది.

మాది సముద్రం పక్క ఊరు. వాన కురిస్తే ఊరి నీళ్ళన్నీ సముద్రానికి మోసుకుపోయే కాలువను ఇక్కడ గెడ్డ అంటారు. అందులోకి వాన నీళ్ళు తప్ప మరేమీ వదలకూడదని గట్టు మీద బోర్డు పెట్టారు. చెత్త ఆ బోర్డు కిందే వేస్తారు. ఎవరేం వదులుతున్నారో పట్టుకోవడానికి నన్ను పంపుతారు. నన్ను మోసేది తవుడు, పదిహేనేళ్ళుగా నీళ్ళు పట్టే ఉద్యోగి.

వాన మొదలైన అరగంటలోపే నీళ్ళు పట్టాలని రూలు. దొంగచాటుగా వదిలేవాళ్ళు వానతో కలిపే వదులుతారు మరి. కానీ ఆఫీసు తవుడికి సంచీ ఇచ్చింది, చేతి తొడుగులిచ్చింది, గొడుగివ్వలేదు. అందుకని అతను వాన వెలిశాక, టీ తాగి, తీరిగ్గా బయలుదేరేవాడు. జీపు ఆగినచోటే నన్ను ముంచేవాడు. జీపు ఆగేది చాకిరేవుకు నాలుగడుగులు దిగువన. ఆ పేరుతోనే చీటీలు వందలకొద్దీ అచ్చువేయించి పెట్టారు: "చాకిరేవు దిగువ". అప్పటికి రేవులో ఉతుకుడు మళ్ళీ మొదలయ్యేది. ఇంకేముంది, మూడేళ్ళపాటు నేను మోసింది సబ్బు నురగే.

చివరికి రేవుకు నోటీసు వచ్చింది. ఇంకొక్క పరీక్షలో తప్పితే రేవు మూసేస్తారట. నలభై కుటుంబాలు ఆ బండల మీదే బతుకుతున్నాయి.

ఆ ఒక్క పరీక్ష కోసం తవుడు నన్ను తీసుకెళ్ళిన రోజు, జీపు దిగీ దిగగానే వెలిసిన వాన మళ్ళీ పట్టుకుంది. పరుగెత్తి రేవులోని రేకుల పాకలో దూరాడు. రేవువాళ్ళు గబగబా బట్టలెత్తి మూటలు కడుతున్నారు. రేవు పెద్ద ఎర్రయ్యమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

"బాబూ, ఇప్పుడు పట్టు. వానలో మేం బట్ట ముట్టం. పైనుంచి ఏటొస్తందో నీ కళ్ళతో సూడు."

"గొడుగు లేదప్పా," అన్నాడు తవుడు. పదిహేనేళ్ళ నుంచీ అదే పాట.

ఎర్రయ్యమ్మ మూటల మీద కప్పే పట్టా లాగి అతని నెత్తిన కప్పింది. "ఇప్పుడేటంటావు? పద!"

రేవుకు ఎగువన అద్దకం షెడ్డు ఉంది. దాని గోడ కింది గొట్టంలోంచి చిక్కగా ఎర్రటి నీళ్ళు గెడ్డలోకి దూకుతున్నాయి. తవుడు పద్ధతి ప్రకారం ఆ నీళ్ళతోనే నన్ను మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపాడు. శభాష్ అనుకున్నాను. అప్పుడు సంచీలోంచి చీటీ తీసి నాకంటించాడు. "చాకిరేవు దిగువ".

ఎర్రయ్యమ్మ ఆ చీటీని చేత్తో తడిమి, చల్లగా ఉండు బాబూ అంది. ఆవిడకు చదువు రాదు. నాకు నోరు లేదు. నాకొచ్చిన కోపానికి పగిలిపోవలసింది.

పరీక్షల గదిలో హైమవతి మేడమ్ తలెత్తి ఎవరినీ చూడదు, అంకెలు చూస్తుంది. మర్నాడు నా అంకెలు కూడా చకచకా రాసేసి భోజనానికి లేస్తుందనుకున్నాను. రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"తవుడూ, ఇందులో సబ్బు చుక్కైనా లేదు, రంగు మాత్రం బోలెడుంది. రేవులో సబ్బు లేకుండా ఉతుకుతున్నారా ఏం?"

తవుడు బుర్ర గోక్కుని, గొట్టం సంగతి చెప్పాడు.

"మరి ఈ చీటీ ఏమిటయ్యా?"

"అచ్చేసింది అదొక్కటే కదా మేడమ్."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎక్కడ పట్టావో, ఎన్నింటికి పట్టావో కొత్త చీటీ మీద నీ చేత్తో రాసి సంతకం పెట్టు. పాతది చింపకు, మనమే మార్చామంటారు. దాని మీదే అంటించు."

ఇప్పుడు నేను లక్క సీలుతో ఇనుప బీరువాలో ఉన్నాను. ఆ రంగు నీళ్ళెవరివో విచారణలో తేలేదాకా రేవు మూయరు. ఆ విచారణేమో రెండుసార్లు వాయిదా పడింది. అద్దకం షెడ్డు తరఫు వకీలు ఒకసారి వచ్చి, నన్ను అటూ ఇటూ చూసి, "సీసా మీద ఏముంటే అదేగా సాక్ష్యం!" అని నవ్వి వెళ్ళాడు. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

ఎండలకు జిగురు ఎండిపోయింది. పై చీటీ ఓ మూల లేచి, అడుగునుంచి "చాకి" అనే రెండక్షరాలు బయటపడ్డాయి. ఎర్రయ్యమ్మ చెయ్యి గుర్తొచ్చి భయమేసింది.

నిన్న మధ్యాహ్నం తవుడు బీరువా తెరిచాడు. నన్ను చూశాడు. గదిలో ఎవరూ లేరు కదా అని అటూ ఇటూ చూశాడు. సరే, అమ్ముడుపోయాడు, చీటీ పీకేస్తాడు అనుకున్నాను. అతను క్యారేజీ విప్పి, అన్నం మెతుకు ఒకటి తీసి, చీటీ కింద మెదిపి, బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఆరేదాకా తీయలేదు. అవతల అన్నం చల్లారిపోతున్నా.

తవుడి మీద అనుమానం వదిలేశాను. ఇప్పుడు నా అనుమానమంతా ఈ బీరువాలోని బొద్దింకల మీదే. వాటికి మెతుకు వాసన తెలిసిపోయింది.