ఈత మాస్టారి గురించి ఆరా

పోలీస్ స్టేషన్లో కౌంటర్ వెనక కూర్చున్నాయన పెన్ను మూత చెవిలో పెట్టి తిప్పుకుంటున్నాడు. తిప్పి, మూత చివర ఏమొచ్చిందో చూసుకుని, దాన్ని మళ్ళీ పెన్నుకి తగిలించి, ఆ పెన్నే నా ముందుకు తోశాడు. "పేరు రాయండమ్మా" అన్నాడు. లాండ్రీ నడిపేదాన్ని, పేటవాళ్ళ మురికంతా చేతులతో వదలగొట్టేదాన్ని. నేనే దాన్ని ముట్టుకోలేకపోయానంటే చూసుకోండి. సంచిలోంచి నా పెన్ను తీసుకున్నాను.

నేను వెళ్ళింది మా చెల్లి కూతురి కోసం. ఎనిమిదేళ్ళ పిల్ల. నీళ్ళలోంచి బయటికి రమ్మంటే ఏడ్చే పిల్ల, ఉన్నట్టుండి ఈతకి వెళ్ళనని మొండికేసింది. ఎందుకే అంటే నోరు విప్పదు. మా చెల్లి నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. "బద్ధకమేలే అక్కా, రేపట్నుంచి పంపించేస్తా" అంది. దానికి ఆ ఈత మాస్టారంటే గురి. మర్యాదస్థుడు, నవ్వకుండా మాట్లాడడు అంటుంది.

కానీ నా దగ్గర బట్టలేసే ఒకావిడ ఇంతకుముందు వంతెన అవతల ఉండేది. ఆ మాస్టారి పేరు వినగానే ఆవిడ మొహం మాడ్చుకుంది. "అక్కడేదో గొడవైంది, వాకబు చేసుకోండి" అని గొంతు తగ్గించింది. ఆపైన ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. గాలి కబురు పట్టుకుని చెల్లితో వాదించలేను. రికార్డు కావాలి, అది పిల్లని మళ్ళీ పంపేలోపు కావాలి.

ముందు పోలీసుల వెబ్‌సైట్ చూశాను. 'మీ నగరం సమాచారం మీ చేతిలో' అని పెద్ద పెద్ద అక్షరాలు. మా పేట నేరాల మ్యాప్ పచ్చగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. నిరుడు నా కొట్టు తాళం పగలగొట్టి బట్టలు ఎత్తుకుపోయారు. ఆ మచ్చ కూడా లేదు. వాళ్ళ ఉతుకుడు ముందు నా ఉతుకుడు ఏ మూలకి?

"ఆయన మీద మా దగ్గరేం లేదమ్మా" అన్నాడు కౌంటర్ ఆయన, కంప్యూటర్ కేసి చూస్తూ.

"అంటే మంచోడనా?"

"అంటే మా పరిధిలో లేదని. వంతెన దాటితే వేరే స్టేషను."

"రెండూ ఒకే డిపార్టుమెంటు కదండీ. ఇక్కణ్ణుంచి చూడలేరా?"

"ఒకే ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారా ఏంటి?" అని తన జోకుకి తనే నవ్వుకుని, మళ్ళీ పెన్ను మూత పీకాడు.

వంతెన దాటాను. అక్కడ రికార్డులు చూసే రైటర్ బల్ల మీద గ్లాసుల మరకలు, వాటి మీద ఈగలు. ఆయన మాత్రం కుర్చీ చూపించి, నా మాట సాంతం విన్నాడు. నా పేరు, పిల్ల పేరు, పిల్ల ఉండే ఇంటి అడ్రసు పొల్లు పోకుండా రాసుకున్నాడు. ఆ శ్రద్ధ చూసి, పోనీలే పనిచేసే మనిషి దొరికాడనుకున్నాను. తర్వాత కంప్యూటర్‌లో ఏదో చదివి, తెర తనవైపుకి తిప్పేసుకున్నాడు.

"ఉందమ్మా. కానీ చెప్పకూడదు. ఆయన పరువు విషయం. పైగా రాజీ అయిపోయింది."

"దేని గురించి రాజీ?"

"అదీ చెప్పకూడదు."

"మా పిల్ల అతని దగ్గర ఈత నేర్చుకుంటోంది సార్."

జాలేసింది కాబోలు, కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక పని చేస్తా. ఫిర్యాదు ఇచ్చినావిడ అడ్రసిస్తా, ఆవిణ్ణే అడగండి. ఆవిడ వివరాలకి రూలేం అడ్డం లేదు." గుండ్రటి దస్తూరితో ఇంటి గుర్తులు, ఫోన్ నంబరుతో సహా చీటీ రాసిచ్చాడు. "మెల్లిగా అడగండి, భయస్థురాలు" అని జాగ్రత్త కూడా చెప్పాడు.

చేసినవాడి పరువు బీరువాలో భద్రంగా ఉంది. మొత్తుకున్న మనిషి గడపకి మాత్రం ఎవరడిగితే వాళ్ళకి దారి చూపిస్తున్నారు. ఆ చీటీ ముట్టుకోవాలంటేనే రోత పుట్టింది. అయినా తీసుకున్నాను. అవసరం నాది.

ఆవిడ తలుపు గొలుసు తియ్యకుండా సందులోంచే మాట్లాడింది. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను.

"ఈ అడ్రసు ఎవరిచ్చారు?"

"స్టేషన్లో."

ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఇది మేం మారిన మూడో ఇల్లండీ. మారినప్పుడల్లా కొత్త అడ్రసు స్టేషన్లో ఇవ్వాలన్నారు, ఇచ్చాం. ఇచ్చినప్పుడల్లా వాడొచ్చి ఇంటి ఎదురుగా నిలబడేవాడు. తిట్టడు, కొట్టడు, నవ్వుతూ నిలబడతాడు. చూసి చూసి మా పిల్లే రాజీ అయిపోదామమ్మా అంది."

"పిల్లకి ఏం జరిగిందండీ?"

"అది కూడా మీ పాపలాగే ఈతకి వెళ్ళనని మొండికేసింది. బద్ధకమనుకుని నేనే కొట్టి పంపించాను."

నాకు ఇంక రికార్డు అక్కర్లేకపోయింది.

"మీ అడ్రసు అడిగారా?" అంది ఆవిడ.

"అడిగారు."

"ఇచ్చారా?"

అంతలో ఫోన్ మోగింది. చెల్లి. గొంతులో ఇంకా నిద్రమత్తు వదల్లేదు. "ఏం పనక్కా ఇది? మాస్టారు మనింటికొచ్చారు. నువ్వు ఆయన గురించి ఆరా తీస్తున్నావని స్టేషన్ వాళ్ళు ఫోన్ చేశారట. పాపం, కోపం కూడా తెచ్చుకోలేదు. నవ్వుతూ కూర్చున్నారు."

"పాపేది?"

"మంచం కింద దూరింది. ఎంత పిలిచినా..." చెల్లి ఆగిపోయింది. మళ్ళీ మాట్లాడినప్పుడు మత్తు లేదు, గుసగుసగా అంది. "అక్కా. నువ్వు తొందరగా రా."

"గదిలోకెళ్ళి గడియ పెట్టుకో. పాపని వదలకు. వస్తున్నా."

మెట్ల వైపు తిరుగుతూ, అలవాటు చొప్పున పోలీసుల నంబరు నొక్కబోయాను. నా వేలుని చూసుకుంటే నాకే అసహ్యమేసింది. ఫోన్ సంచిలో పడేశాను.

వెనక గొలుసు తీసిన చప్పుడైంది. ఆవిడ బయటికొచ్చి, తలుపుకి తాళం వేసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"పదండి" అంది. "ఇన్నాళ్ళూ వాడొచ్చి నిలబడ్డాడు. ఇవాళ నేనెళ్ళి నిలబడతా."