జెల్ల ముల్లు

రేణుకమ్మ కేక వినగానే మల్లేశ్వర్ చేతిలోని చాయ్ గ్లాసు కింద పడి పగిలింది.

ఐదు నిమిషాలు కూడా కాలేదు, పక్కింటి అరుగు మీద థర్మకోల్ డబ్బా పెట్టి, "అక్కా, సముద్రం జెల్లలు. జర కోసిపెట్టు, సగం నీకే" అని చెప్పి వచ్చి. శంషాబాద్‌లోని వాళ్ల గల్లీకంతటికీ చేపలు కోసేది రేణుకమ్మే. చెరువులో పట్టిన, జెల్లల్లాగే ముళ్లుండే మార్పు చేపలను బూడిదలో పొర్లించి, ముల్లు తగలకుండా పట్టుకుని, ముచ్చట్లు చెబుతూనే కోసేది. "మార్పు కుట్టేది పానం ఉన్నంతసేపే. తలకాయ మీద ఒక్కటేస్తే అయిపాయె" అనేది. గల్లీలో అందరి నమ్మకమూ అదే. చెరువు గాలంతోనే పెరిగిన మల్లేశ్వర్ నమ్మకమూ అదే.

అతను పరుగున వెళ్లేసరికి రేణుకమ్మ కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని గోడకు జారగిలబడి ఉంది. బొటనవేలి కింద మెత్తటి చోట ముల్లు దిగిన గాటు. చుట్టూ అప్పుడే నల్లగా కమిలింది. పెదవులు తెల్లబోయాయి.

"సచ్చిన చేపనే, తమ్మీ... సచ్చిన చేపనే కుట్టింది!"

మల్లేశ్వర్ అరుగు మీది చేప వైపు చూశాడు. అది ఏ చేపో అతనికి తెలుసు.

విమానాశ్రయం కార్గోలో పెట్టెలెత్తే మల్లేశ్వర్ ముందురోజే సెలవు పెట్టి సూర్యలంక వెళ్లాడు. సముద్రంలో గాలం వేయడం అదే మొదటిసారి. గాలపు కర్ర కిరాయికిచ్చిన పోలయ్య అనే పెద్దాయన రోజంతా వెంటే ఉన్నాడు. జెల్ల పడ్డప్పుడల్లా దాన్ని చెక్కముక్కతో ఇసుకలో అదిమి, కటింగ్ ప్లయర్‌తో వీపు మీది ముల్లు, రెండు పక్కల ముళ్లు కత్తిరించి, లోతుగా గుంట తీసి ఆ ముళ్లను పూడ్చేవాడు. "చేప చచ్చినా ముల్లు చావదు బాబూ. చేతులకి తొడుగేసుకున్నా దిగిపోద్ది" అని నాలుగుసార్లు చెప్పాడు. ఆయన ఇంటికి వెళ్లిపోయాక ఒకటి పడింది. ప్లయర్ లేదు. మల్లేశ్వర్ దాని తల మీద కొట్టి, కదలడం లేదని చూసుకుని, ముళ్లతోనే డబ్బా అడుగున పడేశాడు. ముసలాయనకు భయమెక్కువ అని నవ్వుకున్నాడు కూడా.

రేణుకమ్మ భర్త ఐలయ్య ఇంట్లోంచి పాత చీర పేలిక పట్టుకొచ్చి మోచేతి కింద బిగించి కట్టసాగాడు. "విషం పైకి ఎక్కద్దు. డబ్బాల ఐసున్నది, తియ్యి! మీద పెడదాం."

మల్లేశ్వర్ పోలయ్యకు ఫోన్ కలిపాడు. రెండో మోతకే ఎత్తాడు, అంతవరకు నయం.

"కట్టొద్దు!" అవతల ముసలాయన అరిచాడు. "ఐసూ పెట్టొద్దు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచండి. పక్కవాళ్లు చూసి చెప్పాలి వేడెంతో, కుట్టిన చేతికి తెలవదు. అట్నుంచి అటే ఆసుపత్రికి పొండి. ఊపిరాడకపోతే క్షణం ఆగొద్దు."

"బావా, కట్టు ఇప్పు" అన్నాడు మల్లేశ్వర్.

"తేలు కుడితె కడ్తం, పాము కరిస్తె కడ్తం. నీకెట్ల ఎర్క, కట్టద్దని?"

"చేపలోళ్ల పెద్దాయన చెప్పిండు."

"ఆయన ఈడున్నడా? దీని చెయ్యి చూసిండా?"

వాచిన వేళ్లు నీలమెక్కుతున్నాయి. మల్లేశ్వర్ కట్టు మీద చెయ్యి వేశాడు.

"నిన్న గూడ చెప్పిండు బావా. సచ్చినా కుడ్తదని చెప్పిండు. నేనే ఇనలే. ఆ ముల్లు నేనే తియ్యలే. తెలిసీ అక్క చేతికిచ్చిన. ఇప్పుడన్నా ఆయన మాట ఇననియ్యి."

ఐలయ్య చూసిన చూపుకు మల్లేశ్వర్ తల వంచుకున్నాడు. కొడతాడనుకున్నాడు. ఐలయ్య ముడి విప్పాడు.

ఆదివారం తలస్నానానికని పెట్టిన నీళ్లు పొయ్యి మీద మరుగుతూ ఉన్నాయి. దేవుడు ఆ ఒక్కటైనా ముందే సిద్ధం చేసి పెట్టాడు. మల్లేశ్వర్ బకెట్లో చన్నీళ్లు కలిపి, తన మోచెయ్యి పెట్టి చూసి, రేణుకమ్మ చెయ్యి ముంచాడు.

"సల్లగున్నయి. ఇంకా పొయ్యి."

"వద్దక్కా, కాల్తది. నాకు సుర్రుమంటున్నయి."

"సల్లగున్నయంటే! నా చెయ్యి పోయిందా ఏంది, తమ్మీ?"

ఆ బకెట్‌ను ఒళ్లో పెట్టుకుని రేణుకమ్మ ఐలయ్య నడిపే ఆటో ఎక్కింది. మల్లేశ్వర్ ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. బెంగళూరు రోడ్డు మీద లారీల వెనక ఆటో ఆగినప్పుడల్లా ఆమె ఊపిరి లెక్కపెట్టాడు. హార్న్ మోతలో ఒక ఊపిరి వినబడకపోతే వంగి ఆమె ముఖంలోకి చూసేవాడు. వంతెన దాటేసరికి ఆమె మూలుగు కాస్త తగ్గింది. నొప్పి తగ్గిందో, మనిషే తగ్గిపోతోందో తెలియక, "అక్కా, మాట్లాడు. తిట్టన్నా తిట్టు" అన్నాడు.

"తిడ్త తియ్. ఓపిక రానియ్."

దవాఖానలో డాక్టరమ్మ గాటు కోసి చిట్లిన ముల్లు ముక్క తీసింది. చెయ్యి వేడినీళ్లలో పెట్టడం మంచిదైందని, చీము పట్టకుండా మందులు వాడాలని, సాయంత్రం దాకా అక్కడే ఉండాలని చెప్పింది. "వేళ్లు ముడువమ్మా" అంది. నాలుగు ముడిచింది. బొటనవేలు ఆగింది. ఐలయ్య ఊపిరి బిగబట్టాడు. నిదానంగా, చిన్నపిల్ల వేలులా అది కూడా వంగింది.

"ఇగ ఇంటికి పో" అన్నాడు ఐలయ్య, మల్లేశ్వర్ వైపు చూడకుండా. "డబ్బా తెరిచే ఉన్నది. ఇంకెవరన్నా చెయ్యి పెడ్తరు."

మల్లేశ్వర్ పరుగెత్తాడు.

చేప అరుగు మీదే ఉంది. దాని కన్ను మీద ఈగ వాలింది. వీపు ముల్లు విరిగినా పక్క ముళ్లు రెండూ నిక్కి ఉన్నాయి. కార్గోలో వేసుకునే తోలు చేతొడుగులు ఉన్నా వాటిని నమ్మలేదు. పీటతో అదిమి, ఎదురింటి ఎలక్ట్రీషియన్ తాహెర్ దగ్గర తెచ్చిన ప్లయర్‌తో ఒకటి, రెండు, వీపు మీద విరిగి మిగిలిన ముల్లు మొదలు కూడా కత్తిరించాడు. ముళ్ల ముక్కలను ఖాళీ రేకు డబ్బాలో వేసి మూత బిగించి, పెరట్లో మోకాలి లోతున పాతాడు. మట్టి తొక్కుతుంటే ఫోన్ మోగింది. ఎత్తడానికి భయపడ్డాడు.

"ఏం జేసినవ్?" రేణుకమ్మ గొంతు, నీరసంగా.

"పాతిపెట్టిన, అక్కా."

"చేపను గూడనా?"

"లేదు. ముళ్లే."

"అయితె మంచిగ కడిగి ఉప్పు, పసుపు పట్టియ్యి. చింతపులుసు పెట్టు, మీ బావ పొద్దట్నుంచి ఏం తినలే. గని పెట్టేముందు మల్లొక్కసారి చూడు, తమ్మీ."

అతను మళ్లీ చూశాడు. మూడుసార్లు చూశాడు. ఆ తర్వాత కూడా కత్తి పట్టిన చెయ్యి చాలాసేపు చేపను తాకలేదు.